దాలయ్య పెరట్లో అయిదు గొడుగులు

కాశీబుగ్గ బస్టాండు వెనక సందులో నాకో చిన్న షాపుంది. పదహారేళ్లుగా ఇళ్లకు టీవీ గొడుగులు బిగించడమే నా పని. కంపెనీవాళ్లు డిష్ అంటారు, మా ఉద్దానంలో మాత్రం అది గొడుగే. పలాస నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ డాబా మీద తుప్పు పట్టిన గొడుగు కనిపించినా, అది నేను బిగించిందో వేరేవాడు చెడగొట్టిందో నట్టు చూసి చెప్పగలను. ఇంటికొక గొడుగు. అత్తాకోడళ్లకు పడకపోతే రెండు. అంతకు మించి అడిగినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను.

ఆయన దాలయ్య. అక్కుపల్లి వెళ్లే దారిలో, సముద్రానికి కిలోమీటరున్నర ఇవతల, జీడితోటల మధ్య ఇల్లు. ఆ ఇంటి పెరట్లో ఒకటి తర్వాత ఒకటిగా అయిదు గొడుగులు పెట్టించాడు. అయిదూ నా చేత్తోనే బిగించాను. నాలుగోదాకా ఎందుకు బిగిస్తున్నానో నాకు తెలియదు. అయిదోది బిగించిన రోజు తెలిసింది. తెలిశాక అయోమయం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

తిత్లీ తుఫాను వెళ్లిన మరుసటేడు ఎండాకాలంలో మొదటిసారి ఫోను చేశాడు. "బావా, ఓపాలి రా. గొడుగు పెట్టాల" అన్నాడు. మా ఇద్దరికీ ఏ బంధుత్వమూ లేదు. మా వైపు అంతే, ముఖం ఎరగని మనిషి కూడా బావే. బండి మీద వెళ్లాను. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇంటి గోడ ఒకటి కొత్తగా కట్టినట్టుంది, దానికింకా సున్నం వెయ్యలేదు. పైన పెంకుల బదులు రేకులు వేశారు.

"రేకుల మీద వద్దు, పెరట్లో పెట్టు" అన్నాడు.

ఆ పెరడు అరెకరం ఉంటుంది. తుఫానుకు ముందు అందులో పదకొండు కొబ్బరిచెట్లుండేవట. నేను వెళ్లేసరికి పదకొండు గోతులున్నాయి. చెట్లు వేళ్లతో లేచిపోయిన చోట్లను పూడ్చకుండా అలాగే వదిలేశాడు. ఒక గోతి దగ్గర నిలబడి, ఇందులోనే సిమెంటు పోసి పైపు దించమన్నాడు. చెట్లున్న రోజుల్లో ఆ పెరట్లో ఏ గొడుగుకీ సిగ్నల్ దొరికేది కాదు. ఒక్క కొబ్బరిమట్ట అడ్డొచ్చినా బొమ్మ ముక్కలైపోతుంది. ఇప్పుడు దక్షిణం నుంచి తూర్పు దాకా ఆకాశమంతా బట్టబయలుగా ఉంది.

"నా పనికి ఇంతకన్నా మంచి పెరడు దొరకదు బావా" అనేశాను. అన్నాక ఆయన ముఖం చూసి నాలుక కరుచుకున్నాను.

ఆరు నెలలకు మళ్లీ ఫోను. ఒరియా ఛానళ్లు కావాలట. వాళ్లావిడ కన్నమ్మది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. పుట్టింటి భాష మీద బెంగ పుట్టిందేమో అనుకున్నాను. "దానికి నానెందుకు బావా? నీ గొడుక్కే ఒరియా వొత్తాది. రిమోట్లో నాలుగు బటన్లు నొక్కితే సాలు" అన్నాను.

"వద్దు. వేరే కంపినీది పెట్టు. ఆలది ఆకాశంలో ఎక్కడుంతాది?"

మొదటి గొడుగు ఇంచుమించు నేరుగా దక్షిణానికి చూస్తోంది. రెండో కంపెనీ ఉపగ్రహం అంతకన్నా బాగా తూర్పుకు, ఊరి నీళ్లట్యాంకు వైపు ఉంటుందని చెయ్యి చూపించాను. దాలయ్య ఆ వైపు కాసేపు చూసి, "అద్గదీ. అక్కడున్నోడే కావాల" అన్నాడు. అక్కడున్నోడు అంటే ఎవడో నాకు అర్థం కాలేదు. పని చేసి వచ్చేశాను.

మూడోది హిందీ కోసం. ఈసారి కూడా వేరే చోటున్న ఉపగ్రహమే కావాలన్నాడు. నాలుగోది ఇంకో కంపెనీది, తమిళం కోసం. దాలయ్యకు తమిళంలో ఒక్క ముక్క రాదు. హిందీ కూడా రైల్వే ప్లాట్‌ఫారం మీద టీ అడగడం వరకే. నాకు ఒళ్లు మండింది. పని దొరికినందుకు సంతోషించక మంట దేనికని మీరడగొచ్చు. చేసే పనికి అర్థం లేకపోతే నాకు అన్నం సయించదు, అది నా జబ్బు.

పైగా ఆ మనిషి టీవీ చూడడు. ఎప్పుడు వెళ్లినా టీవీ మీద తుండుగుడ్డ కప్పి ఉంటుంది. పక్కన చేటలో నాలుగు రిమోట్లు, ఏది దేనిదో తెలియడానికి ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉంటాయి. సాయంత్రం పూట కన్నమ్మక్క మొదటి గొడుగులో సీరియల్ చూసుకుంటుంది. మిగతా మూడూ ఏడాదిలో పది నెలలు ఖాళీ. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే మాత్రం దాలయ్య తుండుగుడ్డ తీసి, చేట ఒళ్లో పెట్టుకుని, టీవీకి రెండడుగుల దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడట. నాకు ఈ సంగతి చెప్పింది పక్కింటి పాపారావు.

పాపారావుకి దాలయ్య అంటే వేళాకోళం. ఊళ్లో ఆయనకు ఇస్రో దాలయ్య అని పేరు పెట్టింది అతనే. "మా బావ రాకెట్టు ఎప్పుడొదుల్తాడు హరిబాబూ? సెప్పు, మా గేదిని కట్టీసుకుంతాను" అనేవాడు నేను కనిపించినప్పుడల్లా. దొంగతనంగా కేబుల్ కనెక్షన్లు ఇస్తాడని కొందరు, జాతకాల పిచ్చి పట్టి నక్షత్రాలతో మాట్లాడుతున్నాడని కొందరు అనేవారు. వీళ్లందరికీ నేనే సాక్షి. నన్నడిగితే నాకూ తెలియదని చెప్పేవాణ్ణి. గొడుగు బిగించినవాడికే తెలియకపోతే ఎలా అని నన్నే వెర్రివాణ్ణి చూసినట్టు చూసేవారు.

ఆ ఇంట్లో నాకు అంతుపట్టని సంగతి ఇంకొకటి ఉండేది. దాలయ్య మాటను కన్నమ్మక్క నమ్మదు. కొట్లాట కాదు, ఎత్తిపొడుపు కాదు. ఊరికే నమ్మదు. "బావా, తిన్నావేటి?" అని నేనడిగితే ఆయన తిన్నానంటాడు. ఆమె లేచి లోపలికి వెళ్లి గిన్నె మూత తీసి చూసి వస్తుంది. వాన పడేలా లేదని ఆయనంటే, చేతిలో పని వదిలి వాకిట్లోకొచ్చి మబ్బు చూస్తుంది. గేటు వేశానంటే గేటు దాకా వెళ్తుంది. దాలయ్య తల దించుకుని చూసీచూడనట్టు ఊరుకుంటాడు. నా భార్య నా మాటను రోజుకు రెండుసార్లు అలా పరీక్షిస్తే నేను ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

అయిదోది మామూలు గొడుగు కాదు. టెక్కలిలో ఒక కేబుల్ ఆఫీసు వాళ్లు పాత సామాను తీసేస్తుంటే, తీగల వల అల్లిన ఎనిమిదడుగుల జాలీ గొడుగు బేరమాడి వ్యానులో వేయించుకొచ్చాడు. బెంగాలీ ఛానల్ కావాలి, దీనికి ఉచితంగా వస్తుందని ఎవరో చెప్పారట. వైశాఖమాసం ఎండలో దాన్ని గోతిలో నిలబెట్టడానికి నేనూ ఆయనా పాపారావూ మధ్యాహ్నం దాకా చచ్చాం. పాపారావు భోజనానికి వెళ్లాడు. దాలయ్య తాటిముంజలు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

"బావా, ఇయ్యేల సెప్పకపోతే దీన్ని ఇలగే వొగ్గీసి ఎల్లిపోతాను. ఐదు గొడుగులు ఏటి సేసుకుంతావు? బెంగాలీ నీకొచ్చా, నీ తాతకొచ్చా?"

దాలయ్య నవ్వలేదు. ముంజకాయ ఒకటి చేతిలో తిప్పుతూ, "సెట్టు కొట్టినప్పుడు సూసినావేటి బావా?" అన్నాడు.

చూడకేం. ఉద్దానంలో పుట్టినవాడెవడైనా చూస్తాడు. ఇళ్ల మధ్య ముసలి కొబ్బరిచెట్టు కొట్టాలంటే పైన తాడు కట్టి, నలుగురు మనుషులు నాలుగు పక్కలా దూరంగా నిలబడతారు. గొడ్డలి వేసేవాడు పైకి చూడడు. నిలబడ్డవాళ్లే అరవాలి.

"ఆ నలుగుర్నీ ఏల నిలబెడతారు? ఒకడు సాలడూ?" అన్నాడు.

"ఒకడికి ఒరుగు సరిగ్గా తెల్దు కదా."

"ఏల తెల్దు? సెట్టు నా మీదికే ఒరుగుతన్నాది అనుకో. నాకెలగుంతాది? నిటారుగా ఉన్నట్టే ఉంతాది. పక్కనున్నోడికే తెలుత్తాది వొంగినాదని. ఆడు అరవాల, ఒరే, నీ మీదికేరా అని."

 పెరట్లో మిగిలిన గోతుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పిన సంగతి ఇది.

తిత్లీ వచ్చే ముందు సాయంత్రం ఆయన టీవీ ముందే ఉన్నాడు. గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని చెబుతున్నారు. పటంలో ఎర్ర బాణం సముద్రంలోంచి వచ్చి, కుడివైపు పైమూలలో ఉన్న ఛానల్ ముద్ర కిందికి దూరిపోయింది. ఆ ముద్ర కింద ఏ ఊరుందో కనపడదు. కన్నమ్మ అప్పటికే సంచి సర్దింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, అత్త బొడ్డమ్మ మందులు అందులో పెట్టింది. తుఫాను షెల్టరుకు వెళ్లిపోదామంది. బొడ్డమ్మ ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు సాగవు, వానలో ఎత్తుకుని తీసుకెళ్లాలి. దాలయ్య పటం చూసి గట్టిగా చెప్పాడు, "మనకి కాదు, ఒరియావోళ్లకి. గోపాల్‌పూర్ ఎల్లిపోతాది. తొంగోండి." ముగ్గురూ పడుకున్నారు. తెల్లవారకముందే గాలి వచ్చింది. మొదట చెట్లు, తర్వాత పెంకులు, ఆఖరికి గోడ. బొడ్డమ్మ మంచం ఆ గోడ వారనే ఉంది.

"గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మజ్జిన ఎవులున్నారు బావా? మనమే. గోపాల్‌పూర్ పేరు ఇని ఆలదనుకున్నాను, కళింగపట్నం పేరు ఇని ఈలదనుకున్నాను. మజ్జినున్నది నానే అని తట్టనేదు. మా అమ్మని నానే సంపీసినాను."

 ముంజలు ఎండలో వాడిపోతున్నాయి.

మిగతాది ఆయనే చెప్పాడు. తిత్లీ తర్వాత మూడుసార్లు తుఫాను హెచ్చరికలొచ్చాయి. మూడుసార్లూ ఈయన ఇక్కడికే వస్తుందని ఒట్టేసి కన్నమ్మను షెల్టరుకు లాక్కెళ్లాడు. మూడుసార్లూ రాలేదు. మూడోసారి ఇంటికొచ్చేసరికి మేక ఈని ఉంది, పిల్ల చలికి చచ్చిపోయి ఉంది. ఆ రోజు కన్నమ్మ మేకపిల్లను గోతిలో పూడ్చి, చేతులు కడుక్కుని, నెమ్మదిగా ఒకే మాట అందట. "వద్దని సెప్పినావు, అత్త పోనాది. రమ్మని సెప్పినావు, ఇది పోనాది. ఇంక నువ్వు సెప్పినా నాను కదల్ను మావా."

"రేపు నిజంగా వొత్తే?" అన్నాడు దాలయ్య. "అది కదల్దు. ఓపాలి, ఒక్కపాలి, నాను నిజం సెప్పాల. అది నమ్మాల. అందుకే బావా."

తెలుగువాళ్ల పటంలో మన జిల్లా ఛానల్ ముద్ర కింద పడిపోతుంది. ఒరియావాళ్ల పటంలో మనం అట్టడుగున ఉంటాం, అక్కడ అక్షరాలు పరిగెడుతుంటాయి. హిందీ పటంలో ఈయన చిటికెన వేలు పెడితే పూరీ నుంచి విశాఖపట్నం దాకా మూసుకుపోతుంది. తమిళంవాళ్ల పటం మన దాకా రాకుండానే ఆగిపోతుంది. బెంగాలీవాళ్ల పటంలో మూల ఖాళీగా ఉంటుందేమోనని ఆశ. అంతకన్నా పెద్ద ఆశ ఇంకోటి ఉంది. ఒక్కో ఉపగ్రహం ఆకాశంలో ఒక్కో చోట నిలబడి ఉంది కనుక, చెట్టు చుట్టూ నిలబడ్డ మనుషుల్లాగే ఒక్కోటీ తుఫాను ఒరుగును ఒక్కో పక్క నుంచి చూస్తుందని ఆయన నమ్మకం.

ఇన్నేళ్ల అనుభవంతో నేను నవ్వాలి. నవ్వు రాలేదు. నెమ్మదిగా చెప్పాను. "బావా, మన గొడుక్కి బొమ్మ పంపేది వేరు, తుపానుని సూసేది వేరు. మనది టపా మోసీవోడి లాంటిది, అంతే. ఆడు తుపాను వైపు సూడడు. ఈలందరూ ఒక్క వాతావరణం ఆఫీసులోనే కనుక్కుని సెప్తారు."

"ఒక్క ఆఫీసేనా?"

"ఒక్కటే."

"మరైతే ఐదుగురు ఐదు రకాలుగా ఏల సెప్తన్నారు?"

 నిజమే, ఎందుకు చెబుతున్నారు? ఎవడి రాష్ట్రం వైపు వాడు బాణం తిప్పుకుంటాడనో, భయపెడితే జనం చూస్తారనో ఏదో చెప్పొచ్చు. కానీ ఆ ఎండలో ఆ మనిషి ముఖం చూస్తూ నాకే అనుమానం వచ్చింది. నాకు తెలిసింది నట్లూ బోల్టులే కదా. ఉపగ్రహం ఏం చూస్తుందో, ఏం చూడదో నేను వెళ్లి చూశానా? జాలీ గొడుగు బిగించి, బెంగాలీ పట్టించి ఇచ్చాను. బెంగాలీవాళ్ల పటం మూలలో కూడా ఏదో సబ్బు ప్రకటన ఉంది.

ఆ తర్వాత ఏడాదిన్నర మా మధ్య ఫోన్లు లేవు. ఒక అక్టోబరులో సముద్రంలో వాయుగుండం పట్టింది. దాని పేరు నాకు నోరు తిరగదు. రెండో రోజుకు తుఫానైంది. జాలర్లు పడవల్ని ఇసక మీద పైదాకా లాగేశారు. నాకు నిద్ర పట్టలేదు. దాలయ్య నన్ను రమ్మనలేదు. నా అంతట నేనే పొద్దున్నే బయలుదేరాను. కారణం చెబుతాను. తిత్లీ మర్నాడు కాశీబుగ్గలో నేను బిగించిన గొడుగు ఒకటి ఊడి ఎగిరి, వీధి దాటి, ఎదురింటి గోడలో దిగబడి ఉంటే చూశాను. ఆ గోడ దగ్గర ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అది అరచేయంత గొడుగు. దాలయ్య పెరట్లో ఉన్నది ఎనిమిదడుగులది.

వెళ్లేసరికి మబ్బు మూసుకుని ఉంది, గాలి ఉండుండి విసురుతోంది. దాలయ్య టీవీ ముందు చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రి కన్ను మూసినట్టు లేదు. తెలుగు ఛానల్ తుఫాను ఒడిశా వైపు మళ్లుతోందంటోంది. ఒరియాలో ఆంధ్రా వైపు అంటున్నారు. హిందీలో ఎవడో రెయిన్‌కోటు వేసుకుని మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి అరుస్తున్నాడు, అది ఏ ఊరో చెప్పడు. బెంగాలీలో బాణం రెండు ముక్కలై రెండు పక్కలా వెళ్లింది. తమిళంవాళ్లకు ఇది పట్టినట్టే లేదు, వంటల కార్యక్రమం వస్తోంది. దాలయ్య ఒక రిమోటు పెట్టి ఇంకోటి తీస్తున్నాడు. దారాల రంగులు కూడా కలగాపులగమైపోయాయి.

కన్నమ్మక్క అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఏరుతోంది. గ్రామ సచివాలయం వాళ్లు రెండుసార్లు వచ్చి షెల్టరుకు రమ్మని చెప్పి వెళ్లారట.

"అక్కా, ఎల్లిపోదుమా?" అన్నాను.

"నాను కదల్ను బాబూ. ఈయన సెప్పినా, టీవీలోడు సెప్పినా, ఎవుడు సెప్పినా" అంది తలెత్తకుండా.

అప్పుడే పాపారావు కంచె అవతల నుంచి వచ్చాడు. ఆ రోజు వేళాకోళం లేదు. "బావా, నీకు దణ్ణం పెడతాను, ఆ గొడుగులు దించీయి. గాలికి లేసొత్తే మా ఇంటి మీదికే" అన్నాడు.

"ఇప్పుడా?" అన్నాడు దాలయ్య. "ఇన్నేళ్లు దీనికోసమే పెట్టుకుంతే, వొచ్చినపుడు దించీమంతావేటి?"

నాకు కోపం ఆగలేదు. "దించకపోతే నానే కోసీసి పోతాను! బిగించింది నా సెయ్యి బావా. అది ఎవుల పీకమీదైనా పడితే అన్నం ఎలగ తినీది నాను?" అని అరిచాను. కాశీబుగ్గ గోడ సంగతీ చెప్పాను.

దాలయ్య లేచి పెరట్లోకి వచ్చాడు. జాలీ గొడుగు అప్పటికే పైపు మీద కిర్రుమంటూ ఊగుతోంది. కంచె అవతల పాపారావు తల్లి అరుగు మీద ముడుచుకుని కూర్చుంది, ఆవిడ మంచం వెనక గోడకు ఆనించి ఉంది. దాలయ్య ఆ గోడ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి పానా కోసం చెయ్యి చాచాడు.

ముగ్గురం కలిసి దించాం. ముందు జాలీది. దాన్ని బోర్లా పడుకోబెట్టి మీద ఇసక బస్తాలు వేశాం. తర్వాత తమిళం, హిందీ, ఒరియా. ఒక్కొక్క వైరు ఊడదీసినప్పుడల్లా లోపల ఒక్కొక్క భాష ఆగిపోయింది. వాన మొదలైంది. ఆఖరిది, నేను మొట్టమొదట బిగించిన తెలుగు గొడుగు, దాలయ్యే తీశాడు. నట్టు తుప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టి తీశాడు. పాపారావు తన తల్లిని తీసుకురావడానికి వెళ్లాడు.

మేం లోపలికి వచ్చేసరికి టీవీ తెర నీలంగా ఉంది. సిగ్నల్ లేదని ఒక డబ్బా అటూ ఇటూ తిరుగుతోంది. దాలయ్య తడిబట్టలతో దాని ముందు నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. కన్నమ్మక్క గుమ్మంలోకి వచ్చింది.

"ఏటంతన్నాడు?"

"ఎవుడు?"

"టీవీలోడు."

"ఏటీ అనడం నేదు."

"మరి నువ్వేటంతావు? ఇటొత్తాదా, అటెల్తాదా?"

దాలయ్య నోరు తెరిచాడు. వస్తుందనబోతున్నాడో, రాదనబోతున్నాడో నాకు తెలియదు. రెండూ ఇదివరకు చెప్పి ఉన్నాడు. గాలికి రేకులు దడదడలాడాయి.

"తెల్దు" అన్నాడు.

"తెల్దా?"

"తెల్దు కన్నమ్మా. ఒట్టు. అందర్నీ ఇన్నాను, నాకేటీ తెల్దు" అని, అంత మనిషీ ఏడ్చేశాడు.

కన్నమ్మక్క చేతిలో జీడిపిక్కల చేట కింద పెట్టింది. లోపలికి వెళ్లి అటక మీద నుంచి సంచి దించింది. సంచి సర్దే ఉంది, ఎప్పటి నుంచి సర్ది ఉందో మరి. మేకను విప్పి తాడు నా చేతికిచ్చింది. మొగుడి దగ్గరకొచ్చి కొంగుతో ఆయన తల తుడిచింది.

"సెట్టు ఎటు పడతాదో తెలకపోతే దాని కింద ఎవులైనా కూకుంతారేటి? పద." గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరగకుండా అంది, "ఆ రోజు కూడా నీకు తెల్దు మావా. తెల్దని సెప్పనేదు, అంతే."

పాపారావు తన తల్లిని వీపు మీద ఎక్కించుకుని ముందు నడిచాడు. ఆయన వెనక దాలయ్య, కన్నమ్మక్క. ఆఖరున మేకతో నేను. అది అడుగడుగునా మొరాయించింది, నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. రోడ్డు మీద అప్పటికే చెట్టు పడి బండి కదలదు కాబట్టి ఆ రాత్రి నేనూ వాళ్లతోనే షెల్టరులో ఉండిపోయాను. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. రెండొందల మంది ఉన్న హాల్లో తుఫాను ఎటు వెళ్తోందో తెలిసినవాడు ఒక్కడూ లేడు. దాలయ్య గోడకు ఆనుకుని గురక పెట్టి నిద్రపోయాడు.

అది ఎక్కడో చాలా కిందికి పోయి తీరం దాటిందని, మా వైపు కొమ్మలూ రేకులూ తప్ప ఏమీ పోలేదని రెండు రోజుల తర్వాత తెలిసింది. ఊళ్లో మళ్లీ ఇస్రో దాలయ్య మీద జోకులు పడ్డాయి. కానీ ఆ మర్నాడు పొద్దున షెల్టరులో ఉన్నప్పుడు మాకు అవేవీ తెలియవు. పులిహోర పొట్లాలు పంచుతున్నారు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. దాలయ్య తలుపు దాకా వెళ్లి బయటికి చూసి వచ్చాడు.

"వాన ఎలగున్నాది?" అంది కన్నమ్మక్క.

"తెరిపిచ్చినాది" అన్నాడు.

నేను ఆమెనే చూస్తున్నాను. ఇప్పుడు లేచి తలుపు దగ్గరకు వెళ్తుంది, తల బయట పెట్టి ఆకాశం చూసి వస్తుంది అనుకున్నాను. ఆమె లేచింది. పులిహోర పొట్లం కొంగున కట్టుకుని, సంచి చంకన పెట్టుకుని, మేక తాడు నా దగ్గర తీసుకుని, "అయితే పద మావా" అని నడిచింది. తలుపు దగ్గర ఆగలేదు, తలెత్తి చూడలేదు.

నేను మాత్రం వాళ్లు వెళ్లాక తలుపులోంచి చెయ్యి బయట పెట్టి చూశాను. తెరిపిచ్చింది, నిజమే.